సన్నని చప్పుడును పట్టుకున్న పెద్దమనిషి: అయ్యగారి సాంబశివరావు గారు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం గురించి రాసి ఇమ్మని కార్యదర్శి గారు కోరినప్పుడు నేను కొంచెం తటపటాయించాను. ప్రకాశం పంతులు గారి గురించో, బూర్గుల వారి గురించో రాయడానికి నాకంటే చదువుకున్న పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నాకు చేతనైనవి రెండే పనులు. ఒకటి నోట్ ఫైలు రాయడం, రెండు సోల్డరింగు. మొదటిది 2008లో పదవీ విరమణతో ముగిసింది. రెండవది దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటి వెనక వరండాలో ఇప్పటికీ సాగుతోంది. మా ఆవిడ దానికి పెట్టిన పేరు పొగ పెట్టడం. ఈ రెండవ పని వల్లనే, ఈ సంవత్సరమంతా నా మనసులో మెదిలిన మనిషి శ్రీ అయ్యగారి సాంబశివరావు గారు. మన హైదరాబాదులో ఏ.ఎస్. రావు నగర్ అని పెద్ద కాలనీ ఉన్నది కదా, ఆ ఏ.ఎస్. రావు గారే.

ముందుగా సందర్భం మనవి చేసుకుంటాను. కిందటి సంవత్సరం ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాలులో జరిగిన మన సర్వసభ్య సమావేశం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆనాడు ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్ పాత సూపరింటెండెంటు గారు, నాకు పై అధికారి, అయిదు నిమిషాలు మాట్లాడతానని అడిగి వేదిక ఎక్కారు. ఆయనకు ఎనభై నాలుగేళ్లు. గొంతుకు ఆపరేషను జరిగాక మాట గుసగుసలాగే వస్తుంది. అద్దెకు తెచ్చిన మైకు సెట్టులో ఆయన మాట కంటే గుంయ్‌మనే మోత, సుయ్‌మనే ఈల ఎక్కువగా వినిపించాయి. వెనక వరుసల నుంచి వినపడటం లేదని కేకలు వేశారు. సెట్టు కుర్రవాడు వాల్యూము పెంచాడు. స్పీకర్లు కూతపెట్టాయి. అందరూ చెవులు మూసుకున్నారు. సార్ రెండు మూడు మాటలు మళ్లీ ప్రయత్నించి, చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకుని దిగిపోయారు. ఇంతలో భోజనాలకు పిలిచారు.

తిరుగు ప్రయాణంలో ఎల్బీనగర్ స్టేషనులో ఆయనా నేనూ కలిసి మెట్రో ఎక్కాం. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేదాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆ కాగితంలో ఏముందో నేను అడగలేదు. పదేళ్లు ఆయన చేతి కింద పనిచేసినవాణ్ణి, ఆయన చెప్పనిది అడిగే అలవాటు లేదు. ఇంటికి వచ్చాక మాత్రం ఒక నిర్ణయానికి వచ్చాను. వచ్చే సమావేశం నాటికి సన్నని గొంతును కూడా శుభ్రంగా అందుకునే ప్రీఆంప్లిఫయరు ఒకటి నా చేతులతో తయారుచేయాలి.

అది తయారుచేస్తూ పాత పుస్తకాలు తిరగేస్తున్నప్పుడు నాకు అర్థమైన సంగతి ఏమిటంటే, చిన్న సంకేతాన్ని పెద్ద రొదలోంచి వేరుచేసి తీయడం అనే ఈ విద్యను మన దేశంలో నిలబెట్టినవారిలో మొదటి వరుసలోని మనిషి మన తెలుగువాడు. పైగా మన నగరానికి తూర్పున, ఎల్బీనగర్ నుంచి ఉప్పల్ మీదుగా వెళితే వచ్చే చోట, ఒక పరిశ్రమనే స్థాపించి వెళ్లినవాడు.

సాంబశివరావు గారు 1914 సెప్టెంబరు 20న జన్మించారు. ఊరు మోగల్లు. ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో, భీమవరానికి దగ్గరలో ఉన్నది. ఆ పేరు వినగానే పెద్దలకు అల్లూరి సీతారామరాజు గారు గుర్తుకు వస్తారు. రాజు గారు పాండ్రంగిలో పుట్టినా వారి వంశం వారి ఊరు మోగల్లే. ఒకే పల్లె నుంచి ఒకరు విల్లంబులు పట్టి మన్యానికి, ఇంకొకరు పుస్తకాలు పట్టి కాశీకి వెళ్లారు. ఊరి వాళ్లు ఎవరిని ఎక్కువ తలుచుకుంటారో చెప్పనక్కరలేదు. అది సహజమే. సినిమా తీయడానికి రావు గారి జీవితంలో గుర్రాలు లేవు, తుపాకులు లేవు.

ఆ రోజుల్లో కోస్తా పల్లెల్లో కరెంటు లేదు. కిరసనాయిలు దీపం వెలుగులో చదువుకున్న పిల్లవాడు ఎలక్ట్రానిక్స్ వైపు వెళ్లడం ఇప్పుడు వింతగా తోస్తుంది గాని, అప్పటి మన జిల్లాల్లో తెలివైన విద్యార్థులకు బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం ఒక పెద్ద ఆశ. మాలవ్యా పండితుల వారు 1916లో నెలకొల్పిన ఆ విద్యాలయానికి తెలుగు పిల్లలు రెండు రాత్రులు, మూడు పగళ్లు రైలు ప్రయాణం చేసి వెళ్లేవారు. రావు గారు అక్కడ ఎమ్మెస్సీ చేశారు. 1939 నుంచి 1948 వరకు ఆ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా ఉన్నది కూడా మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారే.

యుద్ధం ముగిశాక రావు గారు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా తీసుకున్నారు. ఆ కాలంలో అక్కడ ఇంజనీరింగు విభాగానికి డీనుగా ఫ్రెడరిక్ టెర్మన్ ఉండేవారు. రేడియో ఇంజనీరింగు మీద ఆయన రాసిన పుస్తకం ప్రపంచమంతా పాఠ్యగ్రంథం. ఆయన శిష్యులిద్దరు, హ్యూలెట్, ప్యాకార్డ్ అనేవారు, 1939లో పక్క ఊరు పాలో ఆల్టోలో ఒక షెడ్డులో కంపెనీ పెట్టారు. వాళ్లు మొదట అమ్మిన వస్తువు ఏమిటంటే, ఆడియో ఆసిలేటరు. అంటే చెవికి వినపడే స్వరాలను ఖచ్చితంగా పుట్టించే పరికరం. విశ్వవిద్యాలయంలో నేర్చిన విద్య గోడ దాటి పరిశ్రమ అయ్యే తీరు అక్కడి గాలిలోనే ఉండేది. రావు గారు తరువాత హైదరాబాదులో చేసిన పని చూస్తే, ఆ గాలి ఆయనకు బాగా పట్టిందనే నా అభిప్రాయం.

ఇంకొక సంగతి. ఆయన చదువుకున్నది వాల్వుల యుగంలో. మన చిన్నప్పటి రేడియోల వెనక ఎర్రగా వెలిగే గాజు బుడ్లు జ్ఞాపకం ఉన్నాయి కదా, అవే. అమెరికాలో బెల్ ప్రయోగశాలల వారు ట్రాన్సిస్టరును కనిపెట్టినది 1947 డిసెంబరులో. కనుక ముప్పై మూడేళ్ల వయసులో ఆయన నేర్చిన విద్యంతా పాతబడటం మొదలైంది. వాల్వు నుంచి ట్రాన్సిస్టరుకు, ట్రాన్సిస్టరు నుంచి చిప్పుకు, చిప్పు నుంచి కంప్యూటరుకు ఆయన తన జీవితంలో మళ్లీ మళ్లీ విద్యార్థి అయ్యారు. ఆఫీసులో టైపు మిషను తీసేసి కంప్యూటరు పెట్టిన రోజున మనం చేసిన గొడవ గుర్తుకు వచ్చి నాకు కొంచెం సిగ్గు వేసింది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఆయన బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చిలో చేరారు. హోమీ భాభా గారు దానిని 1945లో స్థాపించారు. అక్కడ రావు గారి మొదటి పని కాస్మిక్ కిరణాలు. ఆకాశం నుంచి అనుక్షణం మన మీద పడే అతి సూక్ష్మమైన కణాలివి. వాటిని లెక్కపెట్టడానికి గైగర్ కౌంటరు అనే గొట్టం వాడతారు. కణం దూరినప్పుడల్లా టిక్కుమంటుంది. చిక్కేమిటంటే, కాస్మిక్ కణం రాకపోయినా, చుట్టుపక్కల రాళ్లలో, గోడల్లో ఉండే రేడియో ధార్మికత వల్ల కూడా టిక్కుమంటూనే ఉంటుంది. ఏది అసలు, ఏది ఊరికే పుట్టిన చప్పుడు?

దీనికి శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఉపాయం మనలాంటి ఆఫీసు వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. రెండు మూడు గొట్టాలను ఒకదాని కింద ఒకటి పెట్టి, అన్నీ ఒకే క్షణంలో టిక్కుమంటేనే లెక్కలోకి తీసుకుంటారు. ట్రెజరీలో బిల్లు మీద రెండు సంతకాలు ఉంటేనే పాస్ చేసినట్లు. పైనుంచి వచ్చిన కణం అన్ని గొట్టాలనూ దాటి వెళుతుంది, ఊరికే పుట్టిన చప్పుడు ఒక్క గొట్టంలోనే ఆగిపోతుంది. అయితే ఈ సంతకాలు సరిచూసే గుమాస్తా పని వాల్వులతో కట్టిన సర్క్యూటు చేయాలి, అదీ సెకనులో లక్షల వంతుల్లో చేయాలి. ఇలాంటి పరికరాలు అప్పట్లో మన దేశంలో కొనడానికి దొరకవు, తెప్పించుకోవాలంటే విదేశీ మారకం లేదు. కనుక తయారుచేసుకోవడమే మార్గం. అణుశక్తి సంఘం 1948లో ఏర్పడింది. భాభా గారి సంస్థలో రావు గారి చేతిలో పెరిగిన ఎలక్ట్రానిక్స్ విభాగమే తరువాత ట్రాంబేలోని అణుశక్తి కేంద్రానికి కావలసిన పరికరాలు తయారుచేసే చోటు అయింది.

ఇక్కడ కాసేపు నా డబ్బా సంగతికి వస్తాను, ఎందుకంటే రావు గారి విద్యలోని కీలకం నాకు పుస్తకం వల్ల గాక ఆ డబ్బా వల్లనే అర్థమైంది.

నేను మొదట చేసిన ప్రీఆంప్లిఫయరు దారుణంగా ఉంది. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి, ఎప్పుడో నేర్చుకున్నట్లుగా 741 అనే చిప్పు, నాలుగు కార్బన్ రెసిస్టర్లు కొనుక్కొచ్చి వంద రెట్లు పెంచే సర్క్యూటు కట్టాను. ఇన్‌పుట్ దగ్గర 10 వేల ఓముల రెసిస్టరు పెట్టాను. మైకు కలిపి హెడ్‌ఫోను పెట్టుకుంటే వాన పడుతున్నట్లు సుయ్‌మని ఒకటే హోరు. తప్పు ఎక్కడ చేశానా అని వారం రోజులు వైర్లు విప్పి కట్టాను. తప్పు వైర్లలో లేదు. రెసిస్టరు అన్నది దానంతట అదే చప్పుడు చేస్తుంది! వస్తువులో వేడి ఉన్నంతకాలం అందులోని ఎలక్ట్రాన్లు ఊరికే అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి, ఆ కదలికే హోరు. ఈ సంగతిని బెల్ ప్రయోగశాలల్లో జాన్సన్ కొలిచి చూపారు, నైక్విస్ట్ 1928లో దానికి లెక్క కట్టారు. రెసిస్టరు విలువ ఎంత పెద్దదైతే హోరు అంత ఎక్కువ. నేను పెట్టిన 10 వేల ఓములది, వినికిడి పరిధి మొత్తం మీద, సుమారు 1.8 మైక్రోవోల్టుల చప్పుడు చేస్తుంది. మైక్రోవోల్టు అంటే వోల్టులో పది లక్షల వంతు. అది తక్కువే కదా అంటారా? సార్ గుసగుసకు మైకు ఇచ్చేది 200 మైక్రోవోల్టులు. పాత 741 చిప్పు స్వయంగా ఇంకో 3 మైక్రోవోల్టులు కలుపుతుంది. ఆ తరువాత అన్నిటినీ కలిపి వంద రెట్లు పెంచుతాం. ఒకసారి కలిసిన హోరును తరువాత ఎంత ఖరీదైన ఆంప్లిఫయరు పెట్టినా విడదీయలేం. అందుకే మొదటి మెట్టు శుభ్రంగా ఉండాలి.

అప్పుడు చిప్పు మార్చి 5532 పెట్టాను. దాని చప్పుడు 741 దానిలో నాలుగో వంతు. సర్క్యూటు తీరు మార్చి, మైకు నేరుగా చిప్పుకే చేరేటట్లు చేసి, హోరు లెక్కలోకి వచ్చే రెసిస్టరును 100 ఓములకు దించాను. కార్బన్ వాటి బదులు మెటల్ ఫిల్మ్ వాడాను. వాన ఆగింది. ఇక మిగిలింది గుంయ్ అనే మోత. అది కరెంటుది, 50 సైకిళ్ల మోత. ట్రాన్స్‌ఫార్మరు తీసేసి రెండు 9 వోల్టుల బ్యాటరీలు పెట్టాను. చాలావరకు పోయింది గాని, మైకు నుంచి పొడుగు తీగ వేస్తే మళ్లీ వచ్చింది.

దీనికి సమాధానం నాకు రావు గారి రంగంలో దొరికింది. అణు పరికరాల్లో కణాన్ని పట్టే గొట్టానికి ఆనుకునే ప్రీఆంప్లిఫయరు పెడతారు. అక్కడే సంకేతాన్ని పెంచి, పెద్దదయ్యాక పొడుగు తీగ ద్వారా కంట్రోలు గదికి పంపుతారు. చిన్న సంకేతాన్ని పొడుగు తీగలో పంపితే దారిలో దొరికిన చప్పుడునంతా వెంట పెట్టుకుని వస్తుంది. మన ఫంక్షన్ హాళ్లలో జరిగేది సరిగ్గా దీనికి తిరగబడిన పని. మైకు వేదిక మీద, ఆంప్లిఫయరు హాలు చివర, మధ్యలో ట్యూబులైట్ల కింద నుంచి ఇరవై మీటర్ల తీగ. కనుక నా డబ్బా ఉండవలసినది మైకు స్టాండు మొదట్లో. డబ్బాకు స్టీలు టిఫిను గిన్నె వాడాను, మూతతో సహా. లోహం చుట్టూ ఉంటే బయటి చప్పుడు లోపలికి రాదు. రంధ్రాలు పొడిచిన తరువాత గాని అది మా ఆవిడ పుట్టింటి గిన్నె అని నాకు తెలియలేదు. ఆ చర్చ ఇక్కడ అనవసరం.

ఈ చిన్న చప్పుళ్ల పట్టుదల ఎంతటి పనికి వచ్చిందో అప్సర కథ చెబుతుంది. ఆసియాలోనే మొదటి అణు రియాక్టరు అది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. రియాక్టరును మన వాళ్లే కట్టారు, దాని నియంత్రణ వ్యవస్థను తయారుచేసింది రావు గారి నాయకత్వంలోని ఎలక్ట్రానిక్స్ బృందం. రియాక్టరును మొదలుపెట్టేటప్పుడు లోపల న్యూట్రాన్లు చాలా కొద్దిగా ఉంటాయి. వాటి చిన్న చిన్న స్పందనలు, ఇతర కిరణాల చప్పుడు మధ్యలోంచి, తప్పిపోకుండా లెక్కపెట్టాలి. లెక్క తప్పితే శక్తి ఎంత వేగంగా పెరుగుతోందో ఆపరేటరుకు తెలియదు. కనుక గుంపులోంచి ఒక ఎత్తు దాటిన స్పందనలనే లోనికి వదిలే సర్క్యూట్లు, వేగం పెరిగితే తమంతట తామే రియాక్టరును ఆపేసే సర్క్యూట్లు కావాలి. 1956 ఆగస్టు 4న మధ్యాహ్నం 3 గంటల 45 నిమిషాలకు అప్సర పనిచేయడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు జనవరి 20న నెహ్రూ గారు ట్రాంబే కేంద్రాన్ని ప్రారంభించారు. రావు గారికి 1960లో పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి లభించాయి.

1962 చైనా యుద్ధం తరువాత ప్రభుత్వానికి ఒక కఠినమైన నిజం తెలిసివచ్చింది. సైన్యానికి వైర్‌లెస్ సెట్లు, రాడార్లు బయటి దేశాల దయ మీద ఆధారపడి ఉన్నాయి. 1963 ఆగస్టులో భాభా గారి అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేశారు. సభ్యులు విక్రమ్ సారాభాయ్ గారు, సూరి భగవంతం గారు, మన రావు గారు. దేశం మొత్తానికి ఎలక్ట్రానిక్స్ దారి వేసిన నలుగురిలో ఇద్దరు తెలుగువారు. భగవంతం గారు అప్పుడు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. 1966 జనవరి 24న భాభా గారు ప్రయాణిస్తున్న ఎయిరిండియా విమానం ఆల్ప్స్ పర్వతాల్లో మౌంట్ బ్లాంక్ మీద కూలిపోయింది. కమిటీ నివేదిక ఆ సంవత్సరమే వెలువడింది. పదేళ్లలో మన కాళ్ల మీద మనం నిలబడాలన్నది దాని సారాంశం. అనుకున్నంతా అనుకున్న గడువులో జరగలేదన్నది వాస్తవమే. ఎన్ని కమిటీల నివేదికలు బీరువాల్లో చెదలు పట్టాయో మన చేతులతో మనమే చూశాం. దీనిని మాత్రం చెదల పాలు చేయకుండా ఒక మనిషి తన భుజాన వేసుకుని హైదరాబాదుకు తెచ్చారు.

1967 ఏప్రిల్ 11న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, మనందరి నోట ఈసీఐఎల్, ఏర్పడింది. ట్రాంబేలో పరికరాలు తయారుచేస్తున్న విభాగమే దీనికి మూలం. వ్యవస్థాపకులు రావు గారు. అప్పటికి ఆయనకు యాభై రెండేళ్లు నిండి ఆరు నెలలు దాటింది. 1983లో పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించి, ఫిబ్రవరి 28న వేలమందిని ఒక్కసారిగా ఇంటికి పంపిన రోజులు మనలో ఎవరూ మరువలేరు. ఆ లెక్క ఆయనకు పెడితే 1969లోనే దండ వేసి శాలువా కప్పి పంపించాల్సింది. మన దేశంలో తయారైన టీడీసీ-12 కంప్యూటరు వచ్చిన సంవత్సరం అదే!

చర్లపల్లి, కుషాయిగూడ అప్పట్లో బండరాళ్లు, తుమ్మచెట్లు ఉన్న నగరం అంచులు. అక్కడ అణు విద్యుత్ కేంద్రాల కంట్రోలు పరికరాలు, కంప్యూటర్లు, టెలివిజన్లు తయారయ్యాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించిన సైట్ ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో, మన ఆంధ్రప్రదేశ్‌తో సహా, సుమారు 2,400 గ్రామాల్లో కోళ్ల గూటి జాలీలాంటి వల గొడుగులతో సెట్లు పెట్టారు. ఆ సెట్లు తయారుచేసింది ఈసీఐఎల్. ఆకాశంలో ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని గొడుగు దగ్గరే అందుకుని పెంచి, కింద పంచాయతీ ఆఫీసులోని టీవీకి పంపాలి. చూశారా, మళ్లీ అదే సూత్రం. మొదటి మెట్టు మూలం దగ్గరే ఉండాలి.

1977లో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలయ్యాక మన ఇళ్లలోకి ఈసీ టీవీ వచ్చింది. నేను 1984లో అప్పు పెట్టి బ్లాక్ అండ్ వైట్ సెట్టు కొన్నాను. వారానికొక సినిమా వచ్చే సాయంత్రం మా గదిలో చెప్పులు విడవడానికి చోటు ఉండేది కాదు. అది పద్నాలుగేళ్లు పనిచేసింది. తరువాత రంగుల టీవీల పోటీలో ఆ పేరు కొట్టుకుపోయింది. దానికి నాకు కొంచెం బాధే. ఎన్నికల విధుల్లో మనం మోసుకెళ్లిన ఓటింగు యంత్రానికి మొదటి నమూనా 1979లో చేసింది కూడా ఈసీఐఎల్ వారే. రావు గారికి 1972లో పద్మభూషణ్ వచ్చింది. 2003 అక్టోబరు 31న, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఆయనను నేను కళ్లారా చూడలేదు. ఆ లోటు తీరుతుందేమోనని మొన్న ఎండాకాలంలో ఎల్బీనగర్ నుంచి ఈసీఐఎల్ వైపు బస్సెక్కి, ఏ.ఎస్. రావు నగర్‌లో దిగి ఒక గంట తిరిగాను. బట్టల దుకాణాలు, నగల దుకాణాలు, హోటళ్లు, కోచింగు సెంటర్లు, అచ్చంగా మన దిల్‌సుఖ్‌నగరే. జ్యూసు బండి కుర్రవాణ్ణి ఈ ఏ.ఎస్. రావు ఎవరని అడిగాను. ప్లాట్లు వేసి అమ్మినాయన అయి ఉంటారన్నాడు. పక్కనున్న ఆయన కాదు, పాత ఎమ్మెల్యే అన్నారు. నేను అక్కడే నిలబడి ఇద్దరికీ కొంత చెప్పాను. కుర్రవాడు ఓపికగా విని, జ్యూసుకు డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు.

ఇక ఈ ఏటి సమావేశం. అదే ఎల్బీనగర్, వేరే హాలు. పొద్దున్నే వెళ్లి టిఫిను గిన్నెను మైకు స్టాండు కాలికి కట్టాను. అక్కడి నుంచి తీగను ఆంప్లిఫయరు మైకు సాకెట్టులో కాకుండా పక్కనున్న ఆక్సిలరీ సాకెట్టులో పెట్టించాను. వేదిక పక్కన మైకు వెనక ఉన్న స్పీకర్లను ముందుకు జరిపించాను, ఎందుకంటే కూత ప్రీఆంప్లిఫయరు వల్ల ఆగదు, స్పీకరు మాట మళ్లీ మైకులో పడకుండా చూస్తేనే ఆగుతుంది. సెట్టు అద్దెకిచ్చినాయన నా గిన్నెను చూసి నవ్వాడు గాని అడ్డు చెప్పలేదు.

సార్ మళ్లీ ఎక్కారు. కిందటి ఏటి కాగితమే, మడతల దగ్గర చిరిగింది. నేను మైకును ఆయన పెదవులకు నాలుగు వేళ్ల దూరంలో పెట్టి దిగాను. ఆయన మొదట ఊపిరి తీసుకున్న చప్పుడు హాలు చివరిదాకా వినిపించింది. అందరూ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు.

ఆయన చెప్పింది ఇదీ. 1983 ఫిబ్రవరిలో మా ఆఫీసు నుంచి ఒక్క రోజులో పదవీ విరమణ చేసినవారిలో పదకొండుమంది సర్వీసు రిజిస్టర్లు దొరకలేదు. రిజిస్టరు లేనిదే పెన్షను లేదు. రికార్డు రూములో వానకు తడిసి అట్టలు ఊడిన కట్టల మధ్య, నెలన్నర పాటు ఆఫీసు వేళలు దాటాక కూర్చుని, ఒక్కొక్కటీ వెతికి ఆరబెట్టి తెచ్చింది మా సెక్షన్ అటెండరు. మెచ్చుకోలు ఉత్తరువు మాత్రం సూపరింటెండెంటు పేరున వచ్చింది. ఆ కాగితం తీసుకుని, తాను నోరు మెదపలేదు. ఆ అటెండరు పోయి ఇరవై ఏళ్లయింది. ఈ సంగతి నలుగురిలో చెప్పకుండా పోవడం తనకు ఇష్టం లేదు. అంతే. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

నేను ఆనాడు అదే సెక్షనులో, ఆయనకు రెండు బల్లల అవతల కూర్చున్నవాణ్ణి. సాయంత్రాలు ఆ రికార్డు రూములో దీపం వెలుగుతుండటం చూశాను. ఎందుకని అడగలేదు.

చివరి వరుసలో, ఫ్యామిలీ పెన్షనర్ల పక్కన, ఒక ముసలావిడ మనుమరాలి చేయి పట్టుకుని లేచి నిలబడ్డారు. కిందటి సంవత్సరం కూడా ఆవిడ అక్కడే కూర్చున్నారట. మా ఆయన పేరు మళ్లీ ఒకసారి చెప్పమని ఆవిడ అడుగుతున్నట్లు మనుమరాలు గట్టిగా చెప్పింది. సార్ కాగితం చూడకుండానే, ఇంటిపేరుతో సహా, మైకు దగ్గరకు వంగి చెప్పారు.